పసుపు పెట్టిన శాంపిల్

మా అత్తగారు నా కొడుకుని తనతో పాటు కాకినాడ తీసుకెళ్లిపోతానన్న రోజుల్లో నేను దుబాయ్ జెబెల్ అలీ రేవులో బట్టలకు కోడ్ నంబర్లు వేసే ఉద్యోగం చేస్తుండేదాన్ని. అది 2005. ఆ ఏడాది గురించి ఎవరైనా అడిగితే నాకు ముందు గుర్తొచ్చేది నిద్ర. అంటే, లేని నిద్ర.

ఉద్యోగం సంగతి ముందు చెప్పేస్తాను. అది చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. ఓడలో వచ్చే ప్రతి వస్తువుకీ దేశాలన్నీ ఒప్పుకున్న ఒక కోడ్ ఉంటుంది. గుండుసూదికి ఒకటి, గుర్రానికి ఒకటి. సరుకు కస్టమ్స్ దాటాలంటే కాగితాల మీద ఆ కోడ్ సరిగ్గా ఉండాలి. మా క్లియరింగ్ కంపెనీలో తలా ఒక రకం సరుకు పంచుకున్నాం. మగవాళ్లకు యంత్రాలు, టైర్లు, రంగులు దక్కాయి. నేను ఆడదాన్ని కాబట్టి నాకు బట్టల గురించి తెలిసి ఉంటుందని మేనేజర్ తేల్చేశాడు. నేను చదివింది ఎం.కాం. ఊడిన గుండీ కుట్టమంటే ఇప్పటికీ వేలికి సూది గుచ్చుకుంటాను.

కుట్టడం రాకపోయినా చూడడం వచ్చేసింది. నేసిన బట్ట వేరు, అల్లిన బట్ట వేరు. బనీనులా లాగితే సాగేది అల్లిక, దానికొక అధ్యాయం. సాగనిది నేత, దానికింకో అధ్యాయం. గుండీలు పెట్టినప్పుడు ఎడమ అంచు కుడి అంచు మీదికొస్తే మగపిల్లలది, కుడి అంచు పైకొస్తే ఆడపిల్లలది. ఎవరిదో ఎంతకీ తేలకపోతే ఆడపిల్లల లెక్కలో పడేయాలి. ఆ రూలు రాసిన మహానుభావుడెవరో గానీ, తేలనివన్నీ ఆడవాళ్ల నెత్తిన వేయడం బాగా అలవాటైన మనిషి.

పసిపిల్లల బట్టలకు మాత్రం ఈ పేచీ లేదు. ఆడా మగా అందరికీ ఒకటే కోడ్. అయితే పసిపిల్లలంటే ఎవరు? ఎత్తు ఎనభై ఆరు సెంటీమీటర్లు మించనివాళ్లు. పుస్తకంలో ఉన్నది అంతే. వయసు ప్రసక్తి లేదు, పళ్లొచ్చాయా, మాటలొచ్చాయా, అమ్మని వదిలి ఉండగలడా అన్న ప్రసక్తి అసలే లేదు. ఎనభై ఆరు దాటాడంటే వాడిక పసివాడు కాడు. చొక్కాకో కోడ్, లాగుకో కోడ్ వెతుక్కోవాలి.

ఇంతా చేసి ఏ కోడ్ వేసినా సుంకం ఒకటే, నూటికి ఐదు. "మరెందుకోయ్ అంత తల బద్దలు కొట్టుకుంటావు?" అని మా ఆయన అడిగేవారు. ఎందుకంటే ఇన్వాయిస్ మీద ఒక కోడ్, సరుకు ఏ దేశంలో తయారైందో చెప్పే సర్టిఫికెట్ మీద ఇంకో కోడ్ ఉంటే సరుకు కదలదు. ఇక్కడ కదిలినా ఒమన్ సరిహద్దు దగ్గర లారీ ఆగిపోతుంది. సుంకం మారదు, తలనొప్పి మాత్రం కోడ్ కోడ్‌కీ మారుతుంది.

మేము షార్జాలో, రోలా అనే పేటలో ఉండేవాళ్లం. దుబాయ్‌లో అద్దెలు కట్టలేనివాళ్లందరూ షార్జాలో పడుకుని, దుబాయ్‌లో పనిచేసి, మిగిలిన బతుకు ఆ రెంటికీ మధ్య రోడ్డు మీద వెళ్లదీసేవారు. నాకు కార్ లిఫ్ట్ ఉండేది. అంటే ఎవరిదో ఒక వ్యాను, అందులో నెలవారీ సీటు. పొద్దున్నే చీకటితో ఎక్కితే ఎనిమిదింటికి జెబెల్ అలీలో దిగేదాన్ని. సాయంత్రం దారి ఇంకా అన్యాయం. వ్యాను ఆగిన చోట ఆగినట్టే ఉండేది. నా పక్క సీటు ఫిలిప్పినో అమ్మాయి రోజూ నా భుజం మీద తల వాల్చి నిద్రపోయేది. నేను కిటికీకి తల ఆనించి నిద్రపోయేదాన్ని. మూడేళ్లు అలా పక్కపక్కన పడుకున్నాం గానీ ఆమె ఏ ఊరిదో నాకు తెలియదు.

నేను బయల్దేరేటప్పుడు పిల్లాడు నిద్రలో ఉండేవాడు. తిరిగొచ్చేసరికి మళ్లీ నిద్రలో ఉండేవాడు. వాణ్ణి నేను ఎక్కువగా చూసింది పడుకుని ఉండగానే. వాడు ఆడేది, పడేది, అలిగేది సెలవైన శుక్రవారం ఒక్కరోజు నా కళ్లబడేది. ఆ శుక్రవారం కూడా బట్టలుతుక్కుని, వారానికి సరిపడా కూరలు తరిగి ఫ్రిజ్‌లో పెట్టుకుని, మధ్యలో వాడు కొంగు పట్టుకు లాగితే విసుక్కునేదాన్ని. విసుక్కుని, ఉన్న ఒక్కరోజూ విసుక్కున్నానే అని ఏడుపొచ్చేది. ఏడవడానికి ఓపిక లేక ఊరుకునేదాన్ని.

కాన్పుకిచ్చిన సెలవు నెలన్నర. తర్వాత మా అమ్మ విజిట్ వీసా మీద వచ్చి, వీసా అయిపోగానే వెళ్లిపోయింది. ఆ పైన మా బిల్డింగ్‌లోనే ఒక హైదరాబాదీ ఆంటీ దగ్గర వదిలేదాన్ని. మంచావిడే. కానీ ఆవిడ దగ్గర ఇంకా నలుగురు పిల్లలు, ఒకటే గది, ఎప్పుడూ మోగే టీవీ. వాడికి పద్దెనిమిదో నెల వచ్చేసరికి అత్తగారు వచ్చారు. ఆవిడదీ విజిట్ వీసాయే. రెండు నెలలకొచ్చి, ఇంకో నెల పొడిగించుకుని, ఆ నెలాఖరుకి వెళ్లాల్సి ఉంది.

మా అత్తగారు మెత్తని మనిషి కాదు, అలాగని గయ్యాళి కూడా కాదు. అనుకున్నది అనేస్తారు, అన్నది అవతలివాళ్లు ఒప్పుకునేదాకా రోజుకొకసారి అంటూనే ఉంటారు. ఒక శుక్రవారం అన్నం దగ్గర మొదలుపెట్టారు.

"వాణ్ణి నాతో పంపించండర్రా. మీరిద్దరూ కోడి కూయకముందే పోతారు, వాడు పడుకున్నాక వస్తారు. నేనెళ్లిపోయాక మళ్లీ ఆ టీవీ గదిలో పడేస్తారా? నా దగ్గరుంటే వాకిట్లో ఆడుకుంటాడు, నాలుగు మెతుకులు తింటాడు."

"ఆరు నెలలు దాటి బయటుంటే వాడి వీసా పోతుందమ్మా" అన్నారు మా ఆయన.

"ఐదు నెలలే ఉంచుకుంటాను. ఆపైన నువ్వే వచ్చి తీసుకెళ్లు."

ఆయన నా వంక తిరిగి, "నువ్వెలా అంటే అలా" అన్నారు. ఒళ్లు మండించడానికి మొగుళ్ల దగ్గర ఇంతకన్నా మంచి మాట లేదు. అవునంటే బిడ్డని వదిలేసిన తల్లిని నేను, కాదంటే అత్తగారి మాట తోసేసిన కోడల్ని నేను. ఆయన మాత్రం మజ్జిగ పోసుకుంటారు.

"పంపను" అన్నాను. గట్టిగానే అన్నాను. కానీ లేచి చెయ్యి కడుక్కుంటుంటే నా లోపల ఒక మూల, పంపించేస్తే బాగుండునని కూడా అనిపించింది. వాడిని వదిలి ఉండలేనన్నది నిజమే. వాడు లేని ఇంట్లో ఒక్క వారమైనా పడుకోవాలన్నదీ నిజమే. రెండో నిజాన్ని ఎవరితోనూ అనలేం కదా, అందుకని మొదటిదాన్నే మళ్లీ మళ్లీ అంటూ వచ్చాను. నెలాఖరు దగ్గరపడుతోంది. టికెట్ ఒకటి కొనాలా, పిల్లాడిది కూడా కలిపి కొనాలా అన్నది అలాగే ఉండిపోయింది.

సరిగ్గా అప్పుడే తిరుపూరు కంటెయినర్ వచ్చింది. అన్నీ పసిపిల్లల అల్లిక బట్టలే, తెల్లటి నూలు చొక్కాలు, లాగులు. కాగితాల మీద మొత్తం సరుకుకి పసిపిల్లల కోడే వేశాను. బుధవారం కస్టమ్స్ ఇన్‌స్పెక్టర్ గోడౌన్‌కి వచ్చి పెట్టెలు విప్పించాడు. కుర్రవాడే, ఇక్కడి అరబ్బు. కాళ్లదాకా ఉండే తెల్లటి కందూరా మీద దుమ్ము పడకుండా పెట్టెలకి కాస్త దూరంగా నిలబడేవాడు. మనవాళ్లతో మాట్లాడీ మాట్లాడీ హిందీ బాగా వచ్చు. చిన్న సైజులన్నీ చూసి సరేనన్నాడు. ఆఖరి సైజు దగ్గర ఆగాడు.

"ఇది పసివాడిదా?"

లేబుల్ చూపించాను. పద్దెనిమిది నుంచి ఇరవై నాలుగు నెలలు అని ఉంది.

"నెలలు నాకెందుకు సిస్టర్? పుస్తకంలో ఎత్తు ఉంది. రెండేళ్ల పిల్లాడు ఎనభై ఆరు దాటుతాడా, దాటడా?"

దాటేవాడు దాటుతాడు, దాటనివాడు దాటడు అందామని నోటిదాకా వచ్చింది. అతను ఆ సైజువి రెండు చొక్కాలు తీసి ప్లాస్టిక్ సంచిలో పెట్టి, సంచి మీద పొట్టి సంతకం చేసి మా దగ్గరే ఉంచి, "శనివారం వస్తాను. ఫ్యాక్టరీ నుంచి ఎత్తుల లెక్క తెప్పించండి" అని వెళ్లిపోయాడు.

ఫ్యాక్టరీకి ఫ్యాక్స్ పెట్టాం. తమ దగ్గర నెలల లెక్కే ఉంది, సెంటీమీటర్ల లెక్క లేదని గురువారం జవాబు వచ్చింది. ఆ ఒక్క సైజుకి కోడ్ మారిస్తే సర్టిఫికెట్ ఇండియా నుంచి మళ్లీ రావాలి. అందాకా కంటెయినర్ మొత్తం ఆగుతుంది. మేనేజర్ మలయాళీ, గోడౌన్‌లో అందరూ అరబ్బీలో ముదీర్ అంటారు. కోపం వస్తే అరవడు, గొంతు తగ్గిస్తాడు. గొంతు బాగా తగ్గించి అడిగాడు.

"నీ కొడుక్కి ఎన్ని నెలలు?"

"ఇరవై దాటాయి సార్."

"ఇంకేం కావాలి? ఒక చొక్కా ఇంటికి తీసుకెళ్లు. వేసి చూడు. టేపుతో ఎత్తు కొలువు. శనివారం ఆయన అడిగితే చెప్పడానికి ఏదో ఒకటి ఉంటుంది."

"సంచి మీద ఆయన సంతకం ఉంది సార్."

"సంతకం ఉంది, సీలు లేదు. జాగ్రత్తగా వేసి, జాగ్రత్తగా విప్పి తీసుకురా. యల్లా, బయల్దేరు."

గోడౌన్‌లో పెట్టెలు విప్పే అతను నిజామాబాద్ వైపు పల్లెటూరివాడు. నన్ను అక్కా అనేవాడు. ఆ చొక్కాని మడత నలగకుండా కాగితంలో చుట్టి ఇస్తూ, "కొడుక్కు ఏస్తవా అక్కా? మంచిదే. నువ్వన్న దగ్గర్నే ఉన్నవ్" అన్నాడు. ఊళ్లో వదిలొచ్చిన తన కూతురి సంగతి అడిగాను. "నడుస్తుందని ఫోన్ల జెప్పిండ్రక్కా. నేను సెలవు మీద వొయ్యేసరికి ఉరుకుతుండె" అన్నాడు. బాధగా కాదు, మామూలుగానే అన్నాడు. ఆ మామూలే నన్ను ఇంటిదాకా వేధించింది.

శుక్రవారం పొద్దున టిఫిన్లయ్యాక చొక్కా బయటకు తీశాను. అత్తగారు వేళ్లతో నలిపి చూసి, "ఇది మన బనీను గుడ్డేగా! దీనికోసం ఓడలెక్కించి ఇంత దూరం తేవాలా?" అన్నారు. ఇది మనది కాదు, ఆఫీసుది, ఒకసారి వేసి చూసి మళ్లీ ఇచ్చెయ్యాలని చెప్పాను.

"అదేవిటే తల్లీ! కొత్తబట్ట పిల్లాడి ఒంటిమీద వేసి, విప్పి ఇంకొకళ్లకి ఇస్తావా?"

"పని కోసం అత్తయ్యా. ఒక్క నిమిషం."

టేపు కూడా తీసేసరికి ఆవిడ బుగ్గలు నొక్కుకున్నారు. "పసివాణ్ణి కొలుస్తారటే ఎవరైనా? ఎదుగుదల ఆగిపోతుంది" అంటూ వాణ్ణి ఎత్తుకుని వంటింట్లోకి వెళ్లిపోయారు. మా ఆయన వెళ్లి బతిమాలి తెచ్చారు. ఫ్రిజ్‌కి ఆనించి నిలబెడితే వాడు అదొక ఆటనుకుని మోకాళ్లు వంచి కిందికి జారిపోయేవాడు. ఆయన చంకల కింద చేతులు వేసి పట్టుకుంటే, నేను మడమ దగ్గర్నుంచి నెత్తిదాకా టేపు పట్టాను. డెబ్బై ఏడు వచ్చింది. మళ్లీ పట్టాను. అదే వచ్చింది.

చొక్కా వెయ్యాలి. ఇక్కడ నేను చేసిన పని ఎందుకు చేశానో ఇప్పటికీ చెప్పలేను. ఎందుకన్నది ఉంటే కదా. ఒక చేత్తో చొక్కా, ఒక చేత్తో పిల్లాణ్ణి పట్టుకుని వంటింట్లోకి నడిచి, పోపుల డబ్బాలో వేలు ముంచి, మెడ పట్టీ లోపలివైపు ఇంత పసుపు పెట్టి, వాడి తల మీంచి తొడిగాను. పుట్టినప్పట్నుంచీ వాడి ప్రతి కొత్తబట్టకీ అలాగే పెట్టాను. మా అమ్మ నాకలాగే పెట్టింది. పెట్టకుండా తొడగాలంటే చెయ్యి ఆడదు. కస్టమ్స్ వాళ్ల శాంపిల్‌కి పసుపు పెట్టానన్న సంగతి వాడి తల బయటికొచ్చాక తట్టింది.

చొక్కా వాడి మోకాళ్లదాకా వచ్చింది. చేతులు చొక్కా చేతుల్లో ఎక్కడో లోపల ఉండిపోయాయి. వాడికి మహా సరదాగా ఉంది. ఆ ఖాళీ చేతులు ఊపుకుంటూ హాలంతా తిరిగాడు, తట్టుకుని పడ్డాడు, లేచి మళ్లీ తిరిగాడు. మా ఆయన నవ్వారు. నేనూ నవ్వాను. అత్తగారు నవ్వలేదు.

"ఇది ఏ వయసు పిల్లలది?" అని అడిగారు.

"వీడి వయసు వాళ్లదే."

"వీడి వయసు పిల్లలు ఇందులో పడతారన్నమాట." వంగి వాడి చొక్కా చేతులు పైకి మడిచారు. "నేను ఊరికే అంటున్నాననుకున్నారు. వాడి ఒంట్లో పిసరు కండ లేదు, ఎదుగూ లేదు. ఇప్పుడు మీ ఆఫీసు చొక్కాయే చెప్పింది."

పసివాణ్ణి కొలవకూడదన్న మనిషే ఆ కొలతని గట్టిగా పట్టుకున్నారు. నాకు కోపం రాలేదు. కోపం రావలసిన చోట భయం వచ్చింది. టేపు ఇంటికి తెచ్చింది నేనే కదా.

చొక్కా విప్పుతుంటే వాడు ఊరుకోలేదు. నేల మీద పడి కాళ్లు కొట్టుకుంటూ ఏడ్చాడు. అత్తగారు నన్నేమీ అనలేదు గానీ, వాణ్ణి ఎత్తుకుని, "మనకొద్దులే నాన్నా, మీ అమ్మ వాళ్లకిచ్చేస్తుందిట" అని వాడితో అన్నారు. నాకు వినిపించేటట్టే అన్నారు.

ఇక పసుపు సంగతి. తెల్లటి బట్ట మీద వేలి ముద్రంత మరక. ఎండలో ఆరేస్తే రెండు రోజుల్లో తగ్గుతుందని నాకు తెలుసు, కానీ రెండు రోజులెక్కడివి? నేను స్నానానికి వెళ్లొచ్చేసరికి మా ఆయన నాకు సాయం చేద్దామని మరకకి సబ్బు రుద్దేశారు. పసుపుకి సబ్బు తగిలితే ఏమవుతుందో పెళ్లిబట్టలు ఒక్కసారైనా ఉతికినవాళ్లకి తెలుస్తుంది. ఎర్రగా అయి కూర్చుంది. వేలి ముద్రంత ఉన్నది రూపాయి బిళ్లంత అయింది. "రక్తంలా ఉందే" అన్నారు ఆయన, గుడ్లప్పగించి. నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. బాల్కనీలో ఎండకి ఆరేశాను. సాయంత్రానికి ఎరుపు కొంచెం తగ్గి ఇటుక రంగుకి దిగింది.

శనివారం వ్యానులో నిద్ర పట్టలేదు. గోడౌన్‌లో కాగితం విప్పగానే నిజామాబాద్ అతను ఒక్క చూపులో కనిపెట్టేశాడు. "పసుపు వెట్టినవా అక్కా! సబ్బు గూడ రుద్దిండ్రా? అయ్యో." మరక వంక కాసేపు చూసి, "భయపడకు. నేను జెప్త" అన్నాడు. ఈలోగా ఇన్‌స్పెక్టర్ రానే వచ్చాడు. సంచిలోంచి మొదటి చొక్కా తీశాడు, బాగానే ఉంది. రెండోది తీసి మెడ పట్టీ తిప్పాడు.

"సిస్టర్, యే క్యా హై? ఖూన్?"

"పసుపు" అన్నాను. తెలుగులో అన్నానని నాకే తెలియలేదు. "హల్దీ."

"హల్దీ పచ్చగా ఉంటుంది."

"సబ్బు తగిలితే ఎర్రబడుతుంది సార్."

నిజామాబాద్ అతను అందుకున్నాడు. తమ వైపు పసుపు పెట్టకుండా కొత్తబట్ట ఎవరూ తొడుక్కోరనీ, పిల్లలకైతే అసలు తొడగరనీ హిందీలో గడగడా చెప్పేశాడు. మేనేజర్ గొంతు ఎంత తగ్గిందంటే, "సారీ సార్" అన్నది పెదాల కదలికలోనే తెలిసింది. ఇన్‌స్పెక్టర్ చొక్కా ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "కుర్కుమ్" అని అరబ్బీలో పసుపు పేరు తనలో తను అనుకున్నాడు. నవ్వితే బాగుండునని చూశాను. నవ్వలేదు.

"అయితే నీ కొడుక్కి వేశావు."

"వేశాను సార్."

"సరిపోయిందా?"

సరిపోయిందని చెప్పడం తేలిక. మేనేజర్ కళ్లు అదే చెప్పమంటున్నాయి. కానీ నాకు అబద్ధం అల్లే ఓపిక కూడా లేకపోయింది.

"లేదు. బాగా పెద్దదైంది. ఇరవై నెలలు దాటాయి. డెబ్బై ఏడు ఉన్నాడు."

"మా చిన్నవాడికీ ఇరవై నెలలే" అన్నాడు అతను. అని, అరచెయ్యి నేలకేసి పెట్టి, తన వాడు ఎంత ఉంటాడో గాలిలో చూపించాడు. ఆ చెయ్యి బల్ల అంచు కన్నా పైన ఆగింది. "వాడు ఎనభై నాలుగు. మొన్ననే డాక్టర్ దగ్గర కొలిచారు. ఈ చొక్కా వాడికైతే సరిగ్గా పడుతుంది." ఆ చొక్కా వేసుకునే పిల్లలు ఎనభై ఆరు దాటరని అతనికి నమ్మకం కుదిరినట్టుంది. కాగితం మీద సంతకం చేశాడు. "బేబీ. ఖలాస్." మరక పడ్డ చొక్కా నా వైపు తోశాడు. "ఇది ఇంక అమ్మకానికి పనికిరాదు. శాంపిల్ కింద రాసేశాను, నీ కొడుక్కి ఉంచు. పెరుగుతాడు, ఇన్షా అల్లా."

మంచి మనసుతోనే అన్నాడు. సరుకు కదిలింది. మేనేజర్ గొంతు పెంచి మరీ మెచ్చుకున్నాడు. నాకు మాత్రం ఆ చెయ్యి కళ్లముందు నుంచి పోలేదు. మనసులో నా పిల్లాణ్ణి పక్కన నిలబెట్టి చూసుకుంటే వాడి నెత్తి ఆ చేతికి ఎక్కడా అందలేదు.

సోమవారం మధ్యాహ్నం సెలవు పెట్టి రోలాలో ఒక పిల్లల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాం. అత్తగారు కూడా వచ్చారు. ఆ డాక్టరమ్మ వాణ్ణి తూచి, కొలిచి, కనురెప్పలు తెరిచి చూసి, నన్ను కుర్చీలోంచి లేచి నిలబడమంది. నిలబడ్డాను. "మీరే ఇంత ఉన్నారు. పిల్లాడు ఎక్కడ్నుంచి పొడుగవుతాడు?" అంది. రక్తం బాగుంది, ఆకలి బాగుంది, చురుగ్గా ఉన్నాడు, పొట్టిగా ఉన్నాడంతే, భయపడాల్సింది ఏమీ లేదు అని చెప్పి పంపేసింది. టాక్సీలో అత్తగారు వాణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకున్నారు. "మంచి కబురే కదా" అన్నారు. ఆవిడ అలా తగ్గి మాట్లాడడం నేనెప్పుడూ వినలేదు. ఇక పంపమని అడగరని నాకు అర్థమైంది.

ఆ సాయంత్రం ఆవిడ వాడికి అన్నం పెడుతున్నారు. ఒక ముద్ద తిని హాలు చివరిదాకా పరుగెత్తుతాడు, మళ్లీ వస్తాడు, ఇంకో ముద్ద. మా ఆయన టికెట్ల ఏజెన్సీకి ఫోన్ చేయబోతూ, "అమ్మకి ఒక్కటే కదా?" అని నన్నడిగారు.

"రెండూ తీసుకోండి" అన్నాను.

ఆయన ఫోన్ కింద పెట్టేశారు. "డాక్టర్ ఏమీ లేదందిగా?"

"అంది."

"మరి?"

"నాకు చేతకావడం లేదండీ" అన్నాను. అంతకన్నా మంచి కారణం నా దగ్గర లేదు. వాడు ఎదగడం లేదని పంపిస్తే అది త్యాగం అయ్యేది. నలుగురికీ చెప్పుకోవడానికి బాగుండేది. డాక్టరమ్మ ఆ వీలు కూడా లేకుండా చేసింది. అత్తగారు చేతిలో ముద్ద పళ్లెంలో పెట్టేసి నా వైపు తిరిగారు. గెలిచిన మొహం పెడతారనుకున్నాను. పెట్టలేదు. లేచి, ఎడమ చేత్తో నా తల నిమిరారు. "ఐదు నెలలేనే" అన్నారు.

పెట్టె ఆవిడే సర్దారు. ఆ పెద్ద చొక్కాని అన్నిటికన్నా అడుగున పెట్టి, "అక్కడ వేసుకుంటాడులే" అన్నారు. నేను ఏమేమి తింటాడో, ఏమి పెడితే ఉమ్మేస్తాడో, జ్వరం వస్తే ఏ మందు ఎంతో చెబుతుంటే, "ఈ మూడు నెలలూ పెట్టింది నేనే కదమ్మా" అన్నారు నెమ్మదిగా. నిజమే. వాడి గురించి నేను చెప్పేవన్నీ పాతబడిపోయాయి. ఇప్పుడు వాడికి బెండకాయ ఇష్టమట.

ఈ సంగతి విని మొహం మాడ్చుకున్నవాళ్లు అప్పుడూ ఉన్నారు, తర్వాతా ఉన్నారు. కన్నతల్లి మనసెలా ఒప్పింది అని మెత్తగా అడిగినవాళ్లున్నారు. మా ఆయన్ని మాత్రం కన్నతండ్రి మనసెలా ఒప్పిందని ఒక్కరూ అడగలేదు. అలా అడిగేవాళ్లందర్నీ ఒక్క నెల ఆ వ్యానులో కూర్చోబెట్టాలని నాకుండేది. ఉద్యోగం మానెయ్యొచ్చుగా అన్నవాళ్లూ ఉన్నారు. మానేస్తే ముగ్గురం కలిసి కాకినాడ దారి పట్టాల్సిందే. వచ్చే రెండు జీతాలతోనే ఆ ఒంటి పడకగది నిలబడింది. నేను తప్పు చేశానని అనుకోను. అప్పుడూ అనుకోలేదు.

విమానం శుక్రవారం తెల్లవారుజామున. ఎయిర్‌పోర్ట్‌లో వాడు అత్తగారి చంకలో హుషారుగా ఉన్నాడు. తోపుడు బండ్లు, దీపాలు, యూనిఫాంలు, అన్నీ వేలుపెట్టి చూపించుకుంటున్నాడు. నేను ముద్దుపెట్టుకోబోతే అడ్డొచ్చానని నా మొహం పక్కకి నెట్టేశాడు. లోపలికి వెళ్లే గుమ్మం దగ్గర అత్తగారు వాడి చెయ్యి పట్టి టాటా చెప్పించారు. వాడు చెప్పాడు గానీ నాకు కాదు, నా వెనకాల నేల తుడుస్తున్న అతనికి. అద్దాల తలుపు మూసుకుంది. మా ఆయన అక్కడే నిలబడి కళ్లు తుడుచుకున్నారు. నాకు కన్నీళ్లు రాలేదు. అందరూ నన్నే చూస్తున్నట్టనిపించింది, రావాలని ప్రయత్నించాను కూడా. రాలేదు.

ఇంటికొచ్చేసరికి బాగా తెల్లారింది. ఆయన కాఫీ పెడతానన్నారు. వద్దని, కట్టుకున్న చీరతోనే మంచం మీద వాలాను. మళ్లీ కళ్లు తెరిచేసరికి మధ్యాహ్నం మూడు దాటింది, కింద మసీదులో అసర్ నమాజుకి పిలుస్తున్నారు. గదినిండా ఎండ. ఒళ్లంతా తేలిగ్గా ఉంది. తలనొప్పి లేదు, కళ్లమంట లేదు. కాన్పయ్యాక అంతసేపు, అంత గాఢంగా నేనెప్పుడూ నిద్రపోలేదు. కాసేపు అలాగే పడుకుని, ఎంత హాయిగా ఉంది అనుకున్నాను. ఎందుకు హాయిగా ఉందో అప్పుడు గుర్తొచ్చింది. దిండులో మొహం పెట్టుకుని, మా ఆయన పరుగెత్తుకొచ్చేంత గట్టిగా ఏడ్చాను.